నాన్న కారుకి మైనం

నాన్న బతికున్నన్నాళ్లూ ఆ నల్ల కారు మీద నా గుడ్డ పడనివ్వలేదు. నడపడానికి ఇచ్చేవాడు, అదీ మొహం మాడ్చుకుని. కడగడం, పాలిష్ పట్టడం, మైనం రాయడం మాత్రం ఆయన సొంత వ్యవహారం. శనివారం పొద్దున్నే షెడ్డు తలుపు తెరిచి, రేడియో పెట్టుకుని, అమ్మ భోజనానికి కేకేసేదాకా రుద్దుతూనే ఉండేవాడు. నేను సాయం పడతానంటే, నీకు తొందరెక్కువ, నీ పని నువ్వు చూసుకో అనేవాడు. నాకు ముప్ఫై దాటినా ఆ మాట మారలేదు.

ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చి వారమైంది. ఇల్లంతా సాంబ్రాణి వాసన, పోయినవాళ్ల పేరున పంచే ఉడికిన గోధుమల వాసన. నల్ల రుమాళ్లు కట్టుకున్న ఆడవాళ్లు వస్తారు, వాళ్ల మొగుళ్లు ఒక చుక్క ప్లమ్ పళ్ల సారా పోయినవాడి పేరున నేల మీద ఒంపి మిగతాది గొంతులో పోసుకుంటారు, మంచి మనిషి అంటారు, వెళ్తారు. నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర రాదు. ఊరికే గదులన్నీ తిరుగుతున్నాను. చేతులు ఏదో ఒక పని అడుగుతున్నాయి.

గోడకున్న అద్దాలన్నీ మూసేశాం. రొమేనియాలో మా ఒల్టేనియా వైపు ఇంట్లో మనిషి పోతే నలభయ్యో రోజు దాకా అద్దం బయటపడకూడదు. పోయినవాళ్లు అందులో తమను తాము చూసుకుంటే ఇల్లు వదలరు. వాళ్ల పక్కన ఇంకెవరైనా కనబడితే ఆ మనిషిని వెంటబెట్టుకుని పోతారు. మా అమ్మ సవేటా ఈ విషయంలో పోలీసులకన్నా గట్టిది. టీవీ మీద దుప్పటి, గాజు బీరువా మీద బల్లగుడ్డ. నేను గడ్డం గీసుకునే అద్దం అటకెక్కింది. ఆ సంగతి నా మొహం చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారుకీ అద్దాలుంటాయని ఆవిడే గుర్తుచేస్తే, నేను వెళ్లి రెండు పక్క అద్దాలకూ నాన్న ఊలు మేజోళ్లు తొడిగి, లోపలి అద్దానికి ఆయన టోపీ తగిలించి వచ్చాను. అది చూసి మా చెల్లెలు ఇలింకా, నాన్న పోయాక మొదటిసారి నవ్వింది.

ఇలింకాకు నెలలు నిండాయి. మొగుడు లారీ వేసుకుని ఎక్కడో స్పెయిన్ దారిలో ఉన్నాడు. కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదని, నాన్న ముందుగదిలో పడుకుని ఉన్నన్నాళ్లూ దాన్ని పక్కింట్లో ఉంచారు. అది నాన్నను చూడలేదు. ఆయనా దాన్ని చూడలేదు. ఆస్పత్రిలో మాట పడిపోయే ముందు కూడా ఆయన అడిగింది ఒక్కటే, బిడ్డ ఎప్పుడని. క్రయోవా పట్నం ఆస్పత్రి నుంచి మనవణ్ణి తన కారులో తనే తెస్తానని, తళతళలాడించి మరీ తెస్తానని వీధంతా చెప్పుకుని తిరిగాడు పాపం.

ఆ మాటే నన్ను పట్టుకుంది. కారు చూస్తే దుమ్ము, చెట్ల జిగురు, పిట్టల రెట్ట. బిడ్డను ఇందులోనా తెచ్చేది? మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరికీ చెప్పకుండా షెడ్డులోకి పోయి రెండు బక్కెట్ల నీళ్లు పెట్టుకున్నాను.

కడగడం వరకు బాగానే ఉంది. పాలిష్ దగ్గరే నా బండారం బయటపడింది. బానెట్ అంతా ఒకేసారి పట్టించేశాను. సగం తుడిచేసరికి మిగతా సగం ఎండి సున్నంలా పట్టేసింది. రుద్దుతుంటే భుజాలు ఊడిపోతున్నాయి, తెల్లగుడ్డ నల్లబడుతోంది తప్ప కారు మాత్రం పాత చెప్పులా అలాగే ఉంది. ఇంతలో కంచె మీంచి గెలు బాబాయ్ తల పెట్టాడు. మా పక్కింటాయన, నాన్నతో పాటు బస్సు డిపోలో పనిచేసినవాడు.

"ఏరా డోరూ, కారుకు రాస్తున్నావా, రొట్టెకు రాస్తున్నావా? వెన్న ఎక్కువైంది."

నేను గుడ్డ విసిరికొట్టబోయాను. ఆయన లోపలికొచ్చి నా చేతిలోంచి తీసుకుని చూపించాడు. ఒకసారికి మూర చోటు చాలు. పాలిష్ బఠానీ గింజంత. గుండ్రంగా తిప్పకుండా అటూ ఇటూ తిన్నగా రుద్దాలి. దాని పని అయ్యాకే మైనం, అదీ ఉందా లేదా అన్నంత పలచగా. తెల్లగా మంచు పట్టినట్టయ్యేదాకా ఆగి, వేలితో గీసి చూసి, వేలికి అంటకపోతే అప్పుడు కొత్త గుడ్డ. గుడ్డ కింద పడిందా, ఇసుక రేణువు ఒక్కటి చాలు, దాన్ని అవతల పారేయాల్సిందే. ఇవన్నీ చెప్పి, మీ నాన్న చూస్తే మురిసిపోయేవాడు అని నా వీపు తట్టి, కూతురింటికి బయల్దేరాడు. ఆయన కూడా నలభై రోజుల పట్టింపు ఉన్నవాడే. ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మైనం తెల్లబడింది. వేలితో గీశాను. అంటలేదు. కొత్త గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను.

కింద నల్లటి మెరుపు. షెడ్డు కప్పు, దూలాలు, వేలాడే బల్బు, నా మాసిన గడ్డం, అన్నీ అందులో ఉన్నాయి. నేనేనా చేసింది ఇది? చుట్టుపక్కల ఎవరూ లేరు గనక పైకే అనేశాను.

"చూసుకో నాన్నా."

అని, అక్కడే గుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చాను. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. బానెట్ అయింది, చక్రం మీది కుడివైపు రెక్క అయింది, తలుపులు మొదలుపెట్టాను. బయట జియూ నది మీంచి పొగమంచు లేచి పెరట్లోకి వచ్చింది. సాయంత్రం కాకముందే చీకటి పడ్డట్టయింది. బల్బు వేశాను. ఎక్కడో కుక్క మొరిగి, మధ్యలో ఆపేసింది. షెడ్డులో మైనం వాసనతో పాటు ఇంకేదో వాసన... గడ్డం సబ్బు. నేను గడ్డం గీసుకుని వారమైంది.

గుడ్డల వాసనే అయి ఉంటుందని సర్దుకున్నాను. అవి నాన్న పాత బనియన్లు కత్తిరించి పెట్టుకున్నవే. వెనక తలుపు మీద మైనం తుడవడం మొదలుపెట్టాను. కొంచెం కొంచెంగా తెల్లదనం పోయి నలుపు బయటపడుతోంది. బల్బు కనిపించింది. నా భుజం కనిపించింది. నా భుజం వెనక మరో భుజం...

వెనక్కి తిరిగాను. గోడ. గోడకు పారలు, పలుగు. అంతే.

ఇక చాలు, లోపలికి పోదాం అనుకున్నాను. గుడ్డ జారి కింద పడింది. తీసుకోవడానికి వంగాను. తలుపు మీద నా నీడ కూడా వంగింది. వెనకున్నది వంగలేదు.

అలాగే ఉండిపోయాను, సగం వంగి. ఊపిరి పీలిస్తే వినబడుతుందేమోనని ఊపిరి కూడా పీల్చలేదు. చూడకూడదు... కానీ చూశాను. నాన్నే. ఖననానికి వేసిన నల్ల కోటు. చొక్కా పైబొత్తాం అమ్మ పెట్టినట్టే పెట్టి ఉంది. నన్ను చూడటం లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా తల కొంచెం ముందుకు చాచి, పెరట్లోంచి వచ్చే దారి వైపు చూస్తున్నాడు. ఇంటి వైపు.

అప్పుడు అడుగుల చప్పుడు. బరువుగా, ఆగి ఆగి. ఇలింకా.

"అన్నయ్యా, చిక్కుడు సూప్ చల్లారిపోతోంది. అమ్మ తిడుతోంది."

రావద్దని అరవాలనుకునేలోపే అది నడుం మీద చెయ్యి వేసుకుని షెడ్డులోకి వచ్చేసింది. కారు చూసి ఆగిపోయింది.

"అబ్బ... అచ్చం నాన్న చేసినట్టే ఉంది."

"ఇలింకా, బయటికి పో."

"ఉండు. వారమైంది నా మొహం నేను చూసుకుని."

నవ్వుతూనే తలుపు ముందుకు వంగింది. వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుంది. తలుపులో ఇద్దరూ కనిపించారు. నాన్న, ఆయన పక్కన ఇలింకా. నా పక్కనున్న ఇలింకాకు కొండంత కడుపు. తలుపులో ఉన్న ఇలింకాకు కడుపు లేదు. గౌను పొట్ట దగ్గర వదులుగా వేలాడుతోంది. నాన్న రెండు చేతులూ ఛాతీకి దగ్గరగా మడిచి ఉన్నాయి. వాటిలో తెల్లటి మూట ఏదో... ఆయన దాని మీదకు వంగి చూసుకుంటున్నాడు. అంత ఇష్టంగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు.

నేను ఏం చేశానో నాకే తెలియదు. డబ్బాలో చెయ్యి ముంచి పిడికెడు మైనం తీసి ఆ తలుపు మీద పామేశాను. ఇలింకా కెవ్వుమంది. దాన్ని పక్కకు నెట్టి, ఇంకో పిడికెడు, ఇంకో పిడికెడు. ఆ చప్పుడుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి కారును ఒక చివర నుంచి మరో చివర దాకా చూసింది. నేనేమీ చెప్పకముందే ఆవిడకు అర్థమైంది. అరుస్తుందనుకున్నాను. గుసగుసగా అంది.

"ఇంట్లో చేతి అద్దం కూడా దాచానురా. నువ్వేమో ఇంత అద్దం చేసి పెట్టావా, డోరూ?"

"అమ్మా, ఆయన దీన్ని చూశాడు."

"ఎవర్ని? దీన్నా... కడుపులోదాన్నా?"

అమ్మ సిలువ వేసుకుంది. ఇలింకా మొహాన్ని తన కొంగులాంటి పెద్ద రుమాలులో దాచి, దాన్ని పెరట్లోకి పంపి, వెనక్కి వచ్చి డబ్బాలో రెండు చేతులూ పెట్టింది. ఇద్దరం పూశాం. బానెట్ మీద, రెక్కల మీద, తలుపుల మీద, కిటికీ గాజుల మీద. పలచగానూ కాదు, తిన్నగానూ కాదు. అమ్మ పూస్తూనే ఆయనతో మాట్లాడుతోంది, జీవితమంతా మాట్లాడిన గొంతుతోనే, కాస్త కోపంగా, కాస్త బతిమాలుతూ. వెళ్లిపో ట్రయాన్, బిడ్డను వదిలెయ్, నేనే వస్తాలే కొన్నాళ్లకు, అంటోంది. డబ్బా ఖాళీ అయింది. కారంతా తెల్లగా పాలిపోయింది. ఎక్కడా ఏదీ కనబడటం లేదు. ఇద్దరం బక్కెట్లు బోర్లించి వాటి మీద కూలబడ్డాం.

పెరట్లోంచి ఇలింకా పిలిచింది. గొంతు మామూలుగా లేదు. దాని కాళ్ల దగ్గర రాళ్లు ఉమ్మనీటితో తడిసి ఉన్నాయి.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, పొగమంచులో ఎప్పుడు చేరుతుందో చెప్పలేమన్నారు. గెలు బాబాయ్ కారు ఆయనతోనే కూతురింటికి పోయింది. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇలింకా గోడ పట్టుకుని మూలుగుతోంది. వేరే దారి లేదు.

ముందు గాజు మీద మాత్రం నా కళ్లకు సరిపడా చోటు తుడిచి, ఆ తెల్లటి కారును క్రయోవా దాకా నడిపాను. దారంతా పొగమంచు. వెనక అమ్మ ఒళ్లో ఇలింకా తల. అమ్మ ప్రార్థన ఆగలేదు. నేను పక్కకు చూడలేదు, వెనక్కి చూడలేదు. గడ్డం సబ్బు వాసన వస్తోందా అని ముక్కు పీలుస్తూనే ఉన్నాను. రాలేదు. ఆస్పత్రి దీపాలు కనబడగానే నాకు నవ్వొచ్చింది. గెలిచామనుకున్నాను.

తెల్లారాక కాన్పు అయింది. ఇలింకా క్షేమం, మగపిల్లాడు, వాడూ క్షేమం. మంత్రసాని బిడ్డను తూకానికి తీసుకెళ్తూ నడవాలో మా దగ్గర ఆగి గుడ్డ తొలగించి చూపించింది. ఒళ్లంతా తెల్లటి మైనం. నేను గోడకు అతుక్కుపోయాను.

"భయపడకయ్యా," అని నవ్వింది ఆవిడ. "అందరు పిల్లలూ ఇలాగే పుడతారు. లోపల చర్మం పాడవకుండా దేవుడు రాసిన పూత ఇది. తుడిచేస్తే పోతుంది."

అమ్మ కూడా అవునంది, నువ్వూ ఇలాగే పుట్టావు అంది. ఆవిడ మొహంలో రంగు తిరిగొచ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం వంగి చూశాం.

పూత మొహం మీద లేదు. నుదురు, రెండు బుగ్గలు, చిన్న గడ్డం శుభ్రంగా ఉన్నాయి. మైనం తుడిచిన కారు మీద బల్బులా, నడవా దీపం వాడి నుదుటి మీద మెరుస్తోంది. మంత్రసాని కూడా అప్పుడే చూసినట్టుంది. లోపలి గదిలోకి తల తిప్పి, మొహం ఎవరు తుడిచారు అని అడిగింది. ఎవరూ తుడవలేదన్నారు. పుట్టగానే ఇలాగే ఉన్నాడన్నారు.

అమ్మ నా చేతుల వంక చూసింది. నేను బిడ్డను ఇంకా ముట్టుకోనేలేదు.