పిల్లిమొగ్గల అప్‌డేట్

"ఈ బ్రేకు రాసినవాడు జన్మలో కారెక్కి ఉండడు మేడమ్!"

డ్రైవింగ్ మాస్టారు ఫోన్ విసురుగా డాష్‌బోర్డు మీద పడేశాడు. పేరుకు మాస్టారే గానీ ముప్ఫై కూడా నిండలేదు. తను రోజూ ఆడే కార్ రేసింగ్ గేమ్ పొద్దున వచ్చిన అప్‌డేట్‌తో సర్కస్ అయిపోయిందని ఒళ్లు మండిపోతోంది ఆయనకి.

"బ్రేకు మీద ఇలా కాలు ఆనిస్తే చాలు, కారు పిల్లిమొగ్గలేస్తోంది. ఎవడండీ వాడు? దొరకాలే గానీ..."

"వాడు కాదు, నేను" అంది స్టీరింగ్ ముందు కూర్చున్న అమ్మాయి. "దొరికాను. ఏం చేస్తారో చెయ్యండి."

మాస్టారు ఫోన్ తీసి గబుక్కున జేబులో దాచేశాడు. నెల నుంచీ కారు నేర్చుకుంటున్న ఈ మేడమ్‌ది ఏదో కంప్యూటర్ ఉద్యోగమని తెలుసు. ఆ గేములో కార్లు ఎలా ఉరకాలో, ఎలా ఆగాలో రాసే ఇంజనీరు ఆవిడేనని కలగన్నాడా పాపం!

ఆమె మాత్రం తగ్గలేదు. తగ్గడమనేది ఆమెకి ఇంటావంటా లేదు.

"ఆ లెక్క గాల్లోంచి తేలేదు మాస్టారూ. మీ కారులోనే, నా కాలితోనే కొలిచాను. బూటు అడుగున చిన్న సెన్సార్, జేబులో ఫోన్. ఎంత నొక్కితే కారు ఎంతలో ఆగుతోందో, అదే గేములో పెట్టాను."

"నా కారులోనా?" మాస్టారి గొంతు ఎందుకో సన్నబడింది.

ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. ఆటగాళ్లు దుమ్మెత్తి పోస్తున్నారు. 'ఫస్టొస్తున్నా, బ్రేకేశా, ఇప్పుడు స్టేడియం కప్పు మీదున్నా, దించండి' అని ఒకరు. 'ఇది కారా, కప్పా?' అని ఇంకొకరు. ఒక మహానుభావుడైతే కారు తలకిందులుగా జారుతూనే రేసు గెలిచేసి, ఈ బ్రేకు మార్చొద్దని బతిమాలుతున్నాడు.

బాస్ మెసేజ్ రాకపోతే ఆమె కూడా నవ్వేదే. సాయంత్రంలోగా తప్పెక్కడుందో తేలకపోతే పాత వెర్షనే తిరిగి పెట్టేస్తారట. బ్రేకొక్కటే కాదు, టైర్లూ మలుపులూ అన్నీ పోతాయి. ఆమె ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"నా లెక్క తప్పయ్యే ప్రసక్తే లేదు. చూడండి!" అంటూ ఖాళీ మైదానంలో కారు ఉరికించి, తెల్లగీత దగ్గర సుతారంగా బ్రేకు నొక్కింది. గీత గోరంతైనా దాటకుండా కారు టక్కున ఆగింది. అలవాటు ప్రకారం మాస్టారి వైపు తిరిగి, గెలిచినట్టు నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అందులో సగం నాది మేడమ్."

ఆమె వంగి చూసింది. నేర్పే కారు కదా, మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఆయన కాలు దాని మీదే ఉండడం మాత్రం ఇప్పుడే చూసింది.

"అది ఎమర్జెన్సీకే అన్నారుగా!"

"మీరు నడుపుతుంటే ప్రతి మలుపూ ఎమర్జెన్సీయే కదండీ."

"అంటే నెల నుంచీ, ప్రతిసారీ, నాతో పాటు నొక్కారా? ఇద్దరి బలాన్నీ నా ఒక్క కాలి లెక్కలో రాసేశానా?"

"మొదట్లో భయంతో నొక్కాను" అన్నాడాయన తల దించుకుని. "తరవాత... కారు బాగా ఆగినప్పుడల్లా మీరిలా తిరిగి నవ్వడం మొదలుపెట్టారు. అది చూడ్డానికి నొక్కాను. తప్పే. మీ పని మీదికొస్తుందని అనుకోలేదు."

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఆ వెంటనే సిగ్గూ వచ్చింది. తనంత డ్రైవర్ లేరని ఆఫీసులో ఎన్ని కోతలు కోసింది! ఆ రెండిటి అడుగున సంతోషం కూడా ఉందని తెలుస్తూనే ఉంది గానీ, దాని సంగతి చూసే తీరిక ఇప్పుడు లేదు.

"కాళ్లు పైకి తియ్యండి."

"మేడమ్?"

"సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. నేను చెప్పేదాకా దించకూడదు."

మళ్లీ కారు ఉరికింది. గీత దగ్గర ఎప్పట్లాగే నొక్కింది. కారు గీతను లెక్క చెయ్యలేదు. ఎదురుగా గోడ దగ్గరికొచ్చేస్తోంది. ఆమె పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. గోడకి బెత్తెడు దూరంలో కారు ఆగింది.

పక్కకి చూస్తే మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం సీటు మీదే ఉన్నాయి.

"గోడ వచ్చేస్తుంటే దించొచ్చుగా!"

"దించొద్దన్నారు కదండీ" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆమె కోపం అక్కడితో సరి. ఇంకో నాలుగైదుసార్లు తొక్కి, అసలు లెక్క తీసి ఆఫీసుకి పంపింది. సాయంత్రానికల్లా గేములో కార్లన్నీ బుద్ధిగా నేల మీదికొచ్చాయి. బాస్ శాంతించాడు. తలకిందుల వీరుడొక్కడే లబోదిబోమన్నాడు.

మాస్టారు భయపడుతూనే ఫోన్ చేశాడు. "గేము బాగుందండీ. రేపు పాఠానికి వస్తారా?"

"రాను. మీ దగ్గర నేర్చుకుంటే ఈ జన్మకి నాకు డ్రైవింగ్ రాదు. వేరే మాస్టారిని చూసుకున్నాను."

"సరేనండీ" అంటూ మాస్టారు ఫోన్ పెట్టెయ్యబోయాడు.

"ఉన్నారా? మాట పూర్తి కాలేదు. నాకు మీరంటే ఇష్టం. నా నవ్వు చూడాలనుంటే దొంగబ్రేకులక్కర్లేదు, నేరుగా వచ్చి అడగండి. 'ఆ మాస్టారి కబుర్లు చెప్పడమేనా, చూపించేది ఉందా' అని మా అమ్మ రోజూ సతాయిస్తోంది. టెస్టు పాసైన రోజు మా కారులో మిమ్మల్ని ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తాను. నేనే నడుపుతాను, మీ వైపు బ్రేకుండదు. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేముందండీ" అన్నాడు మాస్టారు. "టెస్టు తొందరగా పాసవండి."