నీలు చదివిన అంకె

నీలు ఒంటి మీద ఇది నాలుగో గాయం. మొదటి మూడూ మానుముఖం పట్టాయి. ఇది మాత్రం నిన్నటిది, మోచేతి కింద బెత్తెడు మేర తోలు లేచిపోయింది. సువర్చల కొడుకుని భోజనాల బల్ల మీద కూర్చోబెట్టి మందు రాస్తూ అడిగింది.

"ఎలా తగిలిందిరా?"

"పడ్డాను."

"ఎక్కడ?"

"కింద," అన్నాడు నీలు. ఐదేళ్ళవాడి లెక్కలో అది పూర్తి సమాధానమే.

ఇంతలో తలుపు గంట మోగింది. వాడు మందు ఆరకుండానే బల్ల మీంచి దూకి, "పైడక్కొచ్చింది!" అని పరుగెత్తాడు.

పైడితల్లికి పదహారేళ్ళు. కొండవాలున కట్టిన ఈ పద్నాలుగంతస్తుల భవనానికి దిగువన, సముద్రపొడ్డున ఉన్న జాలరిపేట వాళ్ళది. పొద్దున్న తన చదువు ముగించుకుని పదింటికి వస్తుంది, సాయంత్రం ఆరు దాకా నీలుని చూసుకుంటుంది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, హాల్లో నిలబడి ఎడమ చెయ్యి చాపింది. నీలు గూట్లోంచి శ్రమకంకణం తెచ్చి ఆ చేతికి తొడిగాడు. దాని మీద వెలిగిన అంకెని వేలితో తాకి, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, "సున్నా!" అని గట్టిగా చదివాడు.

శ్రమకంకణం లేని చెయ్యి ఆ ఊళ్ళో కనబడి పన్నెండేళ్ళయింది. బస్సు నడిపేవాడికీ, గుండె కోసి కుట్టే వైద్యుడికీ, సువర్చలకీ కూడా పని వేళల్లో అది ఉండాల్సిందే. నాడి వేగం, కండరాల బిగువు, చెమట, మనసు పడే ఆదుర్దా అన్నీ కలిపి అది ఒక్క శ్రమాంకంగా తేలుస్తుంది. ఆ అంకానికి తగినదే జీతం. దొంగ ఆయాసాలు దాని ముందు చెల్లవు. వంగి వంగి దండాలు పెట్టి కూలి పెంచమని అడిగే రోజులు పోయాయి. అంకానికి తగ్గించి ఇస్తే దొంగతనం, మించి ఇస్తే లంచం, రెండూ నేరమే.

ఈ చట్టాన్ని అమలు చేసే శ్రమన్యాయ మండలిలోనే సువర్చల పరిశీలకురాలు. ఆమెకి అది కేవలం ఉద్యోగం కాదు. తన పదిహేనో ఏట పక్కింటివాళ్ళ కవలపిల్లల్ని వేసవి పొడుగునా ఎత్తుకుని మోసింది. సెలవులయ్యాక ఆ ఇల్లాలు ఒక పాత చుడీదారు చేతిలో పెట్టి, "నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివే" అంది. ఇంటి పిల్ల అన్న మాట ఎంత చవకో సువర్చలకి ఆనాడే తెలిసొచ్చింది. అందుకే నీలుకి అంకెలు రాగానే కొత్త ఆచారం ఒకటి పెట్టింది. పొద్దున్న సున్నా చదవడం వాడి పని. సాయంత్రం కంకణం మీది అంకె చదివి, బొటనవేలు నొక్కి జీతం చెల్లించడం కూడా వాడి పనే. మనిషి కష్టానికి విలువ కట్టడం వాడు పాలబువ్వతోపాటే నేర్చుకోవాలని ఆమె ఆశ. చుట్టాలొస్తే ఆ ముచ్చట చూపించి మురిసిపోయేది కూడా.

మొదటి నెలలో ఆ అంకె ఇరవై దాటలేదు. పైడితల్లి దగ్గర వాడు పిల్లిపిల్లలా ఉండేవాడు. ఆ పిల్ల సొరచేపల కథలు చెబుతుంటే అన్నం ఎటుపోయిందో తెలియకుండా తినేసి, ఆమె ఒళ్ళోనే నిద్రపోయేవాడు. పిల్లవాడు సుఖంగా ఉంటే చూసేవాళ్ళ నాడి నెమ్మదిగానే నడుస్తుంది మరి. పని చేతకాని ఆయాకి నలభై, యాభై వచ్చేచోట ఈ నేర్పరికి పద్దెనిమిది వచ్చేది.

"మీ బాబు బంగారవండి అమ్మగారూ," అంది పైడితల్లి ఒక సాయంత్రం నవ్వుతూ. "ఏడవడు, అల్లరి సెయ్యడు. అందుకే నాకు రాగి కూడా రాట్లేదు."

"పడవ ఇంజన్ల చదువులో సీటొచ్చిందన్నావు, డబ్బు సరిపోతుందా?"

"నెలాఖరుకల్లా కట్టాలండి. లేపోతే ఇంకోళ్ళకి ఇచ్చెస్తారట. సూద్దారండి, ఏటవుద్దో."

సువర్చలకి మనసు చివుక్కుమంది. నాలుగు రూపాయలు ఎక్కువ ఇద్దామంటే చట్టం ఒప్పుకోదు. చట్టం చూసే మనిషే తప్పితే ఇంకేముంది? నీలు అక్క మొహంలోకి, కంకణంలోకి మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాతి వారంలో అంకె ముప్పై ఆరైంది. ఇంకో వారానికి యాభై రెండు. దాంతోపాటే గాయాలూ మొదలయ్యాయి. ఒకరోజు మెట్ల మీంచి పడ్డాడన్నారు, ఇంకోరోజు తలుపు సందులో వేలు నలిగిందన్నారు. పైడితల్లి కళ్ళు నీళ్ళతో నిండి ఉండేవి. "రెప్పపాటేనండి, ఇటు తిరిగి అటు తిరిగేసరికి," అనేది. నిన్న అంకె అరవై ఏడు.

పాపపు ఆలోచన ఒకటి సువర్చల బుర్రలో దూరింది. సీటు గడువుకి ఇంకా వారమే ఉంది. ఆ పిల్లే గనక... ఛీ, అనుకుంది. కానీ కొడుకు చేతి మీది పచ్చిపుండు కళ్ళముందు ఆడుతుంటే ఏ తల్లికి మాత్రం మనసు కుదుటపడుతుంది?

ఆవేళ కార్యాలయంలో కూర్చోగానే తన అధికారంతో పైడితల్లి కంకణం నమోదులన్నీ తెప్పించింది. మనిషి తను తలపెట్టిన ప్రమాదానికి తానే ఉలిక్కిపడినట్టు నటిస్తే కంకణం పట్టేస్తుంది. ఉలికిపాటుకి అర నిమిషం ముందే ముందెరుక రేఖ వణుకుతుంది. సువర్చల మూడు వారాల రేఖల్ని గంటన్నరసేపు వెతికింది. ఒక్క వణుకు లేదు. ప్రతి ఉలికిపాటూ అసలైనదే, ప్రతి భయమూ కన్నతల్లి పడేంత భయమే. పైడితల్లి కడిగిన ముత్యం.

ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఆమె గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల కాకపోతే మరి ఎవరు?

మూడింటికల్లా సెలవైనా పెట్టకుండా ఇంటికి బయల్దేరింది. ముందుగా చెప్పలేదు. తన తాళంతోనే తలుపు తీసింది. వంటింట్లో నీళ్ళ చప్పుడు, పైడితల్లి నీలు కంచం కడుగుతోంది. హాలుకి అవతల, బాల్కనీలో, నీలు ఉన్నాడు.

వాడు ముక్కాలిపీటని ఈడ్చుకెళ్ళి రెయిలింగుకి ఆనించుకున్నాడు. పీట ఎక్కాడు. ఒక కాలు రెయిలింగు మీద వేసి, రెండు చేతులతో పట్టుకుని, ఆ కాలు అవతలికి దించాడు. కింద పద్నాలుగంతస్తుల గాలి తప్ప మరేమీ లేదు. వాడు కిందికి చూడట్లేదు. వంటింటి వైపు చూస్తున్నాడు. ఏడుపూ లేదు, అల్లరీ లేదు, పనిమీదున్న మనిషిలా ఉన్నాడు.

"పైడక్కా!" అని పిలిచాడు. "రా! పడిపోతున్నాను!"

సువర్చల ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. నడుం పట్టుకుని లాగిన లాగుకి ఇద్దరూ వెనక్కి పడ్డారు. చేతుల్లో సబ్బు నురగతో పైడితల్లి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఎందుకు ఎక్కావు? ఎందుకురా?" వాణ్ణి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది సువర్చల.

నీలు బిత్తరపోయాడు. తను చేసిన తప్పేమిటో వాడికి అంతుపట్టలేదు.

"అక్కకి డబ్బులు కావాలి కదా," అన్నాడు.

"ఏమిటి?"

"ఊరికే కూచుంటే పద్దెనిమిదే వస్తాయి. మోకాలికి దెబ్బైతే నలభై. నెత్తురొస్తే అరవై. పెద్దదైతే నూరు వస్తాయి, సీటుకి సరిపోతాయి." వేళ్ళు మడుస్తూ చెప్పాడు. తల్లి నేర్పిన పాఠం ఒక్క అక్షరం పొల్లుపోలేదు. "నేను పడిపోనమ్మా. గట్టిగానే పట్టుకున్నాను. అక్క భయపడాలంతే."

పైడితల్లి కంకణం ఊడదీసింది. అది ఏదో పాకే పురుగైనట్టు దూరంగా నేల మీద పెట్టింది.

"నాకు తెల్దండి అమ్మగారూ. మా అమ్మతోడు, నాకు తెల్దు. ఈ మూడు వారాల డబ్బులూ ఎనక్కి తీసీసుకోండి. ఆడి నెత్తురు కూడు నానెలా తింతానండి?"

"నీ తప్పు లేదు పైడీ..."

"రేపట్నుంచి రానండి." ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాను రాకపోతేనే ఆడు బాగుంతాడు."

"అక్కా, వెళ్ళకు," అన్నాడు నీలు. "రేపు ఇంకా పెద్దది చేస్తాలే."

ఆ మాటకి పైడితల్లి చెవులు మూసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్ల వైపు వెళ్ళిపోయింది. సీటు గడువు వారం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

సువర్చల నేల మీదే కూర్చుండిపోయింది. కిందటి నెల తాను మూసేసిన ఒక ఫిర్యాదు ఉన్నట్టుండి కళ్ళముందుకొచ్చింది. వృద్ధాశ్రమంలో ఒక ముసలామె. తనని చూసుకునే కుర్రనర్సు ఉన్న పూటే పక్క మీంచి జారిపడేది. నర్సుని అనుమానించి కంకణం నమోదులు తిరగేశారు, ముందెరుక లేదు. ఆ ముసలామె నర్సుని "నా మనవరాలే" అని పదిమందికీ చెప్పుకునేదని కూడా ఆ కాగితాల్లో ఉంది. సువర్చల దాని కింద "అనుమానించదగ్గదేమీ లేదు" అని రాసి సంతకం పెట్టింది. అలాంటివి ఆ బీరువాలో ఇంకెన్ని ఉన్నాయో! కూలీ మోసం చేస్తే కనిపెట్టే దారులు అన్నీ ఆలోచించారు. యజమాని మోసం చేస్తే కనిపెట్టే దారులూ ఆలోచించారు. కూలీ మీద ప్రేమతో ఎవరైనా ఒళ్ళు కోసుకుంటారని చట్టం రాసిన పెద్దల్లో ఒక్కరికీ తోచలేదు. పిల్లలు లేనివాళ్ళు కారు వాళ్ళు. తనకి మాత్రం పిల్లాడు లేడా?

"నీలూ, ఇటు చూడు నాన్నా," అంది, గొంతు మామూలుగా ఉంచాలని తంటాలు పడుతూ. "ఇంకెప్పుడూ అలా చెయ్యకూడదు. అక్కకి డబ్బు ఇంకోలా ఇద్దాం. నీకు దెబ్బ తగిలితే అమ్మకి ఎంత భయమేస్తుందో తెలుసా?"

భయం అన్న మాట నోరు దాటాక గానీ తానేమన్నదో ఆమెకి తెలియలేదు.

నీలు చూపు ఆమె మొహం మీంచి ఎడమ చేతి మీదికి జారింది. ఆఫీసు నుంచి పరుగున వచ్చిన చెయ్యి అది, కంకణం ఇంకా దాని మీదే ఉంది. వాడు దగ్గరికొచ్చి, వేలితో తాకి, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ చదివాడు.

"నూట... నలభై... ఒకటి." వాడి కళ్ళు ఇంతింతలయ్యాయి. "అమ్మా! నీకు అక్క కంటే ఎక్కువొచ్చాయి!"

సువర్చల చెయ్యి వెనక్కి దాచుకుంది. గుండెని నెమ్మదించమని బతిమాలుకుంది. వాడు నవ్వుతూ ఆమె చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివాడు.

"నూట అరవై."