వణకని గీత

కప్ప కాలి మీద బ్లేడు ఆనించగానే కెజియా తన మోచెయ్యి పట్టుకుని కెవ్వుమంది. తెర మీద ఆమె గ్రాఫ్ పిచ్చెత్తినట్టు ఎగిరింది. ల్యాబంతా నవ్వింది.

"ఏమే, కప్పమ్మకి చుట్టానివా?" అంది పక్కనున్న పల్లవి.

నవ్వనిది డాక్టర్ వారిజ ఒక్కరే. ఆ యంత్రం ఆవిడ కనిపెట్టిందే. నరాల్లో నొప్పి నడిచేది సన్నటి కరెంటుగా. కప్ప నరంలో పుట్టిన ఆ కరెంటును సెన్సర్ పట్టుకుని, విద్యార్థి చేతికి కట్టిన పట్టీకి పంపుతుంది. కోత కప్పకి, నొప్పి ఇద్దరికీ. యంత్రం పేరు సహవేదన. నొప్పి తెలిసిన చెయ్యే మనిషిని కాపాడుతుందని ఆవిడ నమ్మకం. ఆ మాటే కాలేజీ గోడ మీద ఎర్రరంగుతో రాయించారు. గోడమీద రాతలకు మన కాలేజీల్లో ఏనాడూ కరువు లేదు.

"నీ గ్రాఫే అందరికంటే బాగుందమ్మా," అని ఆవిడ కెజియా తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆవిడ కారు గేటు దాటగానే జువాలజీ కోటేశ్వర్ సార్ ఆ గ్రాఫ్ అచ్చయిన కాగితం పర్రున చింపాడు.

"సర్జన్ చెయ్యి వణకకూడదు. గీత తిన్నగా ఉంటేనే ప్రాక్టికల్స్ మార్కులు, ఆ మార్కులుంటేనే మెడికల్ సీటు. ఏడ్చేవాళ్ళు హెచ్ఈసీలో చేరి ఏడవండి. కోశాక నరానికి పేరు రాసిన కాగితం జెండా గుచ్చడం మర్చిపోకండి. దానికీ మార్కుంది."

కెజియాను ఆరో తరగతి నుంచీ వాళ్ళ వాడంతా 'డాక్టరమ్మా' అనే పిలుస్తోంది. సీటు రాకుండా ఆ వాడలో అడుగుపెట్టడం ఆమె ఊహకే అందదు.

సాధన మొదలుపెట్టింది. మొదట పెదవి కొరుక్కుంది. తర్వాత బ్లేడు దిగుతున్నంతసేపూ కపాల నాడుల పేర్లు వల్లించింది: ఆల్ఫాక్టరీ, ఆప్టిక్, ఆక్యులోమోటార్... నొప్పి ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టుండేది. కొన్నాళ్ళకు ఆ పేర్లూ అక్కర్లేకపోయాయి.

పరీక్షకు ఎగ్జామినర్‌గా వారిజే వచ్చింది. తెరలన్నిటి మీదా తిన్నటి గీతలే.

"పట్టీలు పాడయ్యాయా సార్?"

"పట్టీలు బాగానే ఉన్నాయి మేడమ్. పిల్లలే బాగుపడ్డారు. అంతా మీ దయ."

ఆవిడ ముఖం జేవురించింది. కెజియా ముందున్న ట్రేలోంచి కప్పను ఆవిడే పక్కకు నెట్టి, సెన్సర్ తన ముంజేతికి అంటించుకుని, చెయ్యి ట్రేలో పెట్టింది.

"కప్పలు చాలు. ఈ అమ్మాయి ఆరోజు కప్ప కోసం ఏడ్చింది. ఇప్పుడు నన్ను కొయ్యమనండి! అప్పుడు తెలుస్తుంది మీకు. కొయ్యవే అమ్మా."

బ్లేడు కింద పడేస్తుందని ఆవిడ ధీమా.

కెజియా సార్ వైపు చూసింది. "దీనికీ మార్కులుంటాయా సార్?"

సార్ మార్కుల షీటు ముందుకు లాక్కున్నాడు. "ఎగ్జామినర్ ఇచ్చిన ప్రశ్నే కదమ్మా..."

కప్ప చర్మం కంటే కాస్త మందంగా ఉంది. కెజియాకు తెలిసిన తేడా అంతే. వారిజ కేకకు పల్లవి చెవులు మూసుకుంది. తెర మీది గీత రూలరు పెట్టి గీసినట్టే ఉంది.

కెజియా కాగితం జెండా మీద 'మీడియన్ నర్వ్' అని పొందికగా రాసి, గుండుసూది అందుకుంది.

"మేడమ్, కాస్త కదలకండి," అంది మర్యాదగా. "లేబుల్ లేకపోతే మార్కు పోతుంది."