బీరన్న గొంగడి

తాండూరు దగ్గర భీమప్ప గని పేరెత్తితే బండ్లవాళ్ళు ఇప్పటికీ బండి వెనక్కి తిప్పుతారు. నాపరాళ్ళు తవ్వి తవ్వి వదిలేసిన గొయ్యి అది. నిండా నల్లటి నీళ్ళు. పొద్దుగూకితే కుక్క కూడా ఆ బాట పట్టదు... ఎందుకంటే, పెద్దలు చెప్పగా విన్నది ఇదీ.

అరవై ఒకటో సంవత్సరంలో కురుమ ఎంకమ్మ ఇంటికి తంతి వచ్చింది. పెద్దకొడుకు బీరన్న సిపాయి. వాడెక్కిన మిలటరీ విమానం అంటుకుని నడిసముద్రంలో కూలిపోయింది. ఇరవై మందిలో ఒక్కడి శవమూ దొరకలేదు.

శవం దొరకనివాడికి వాడి గొంగడినే తెల్లబట్టలో చుట్టి పాతిపెట్టడం ఆ ఇంటి ఆచారం. ఎంకమ్మ ఏడుస్తూ బీరన్న గొంగడి తెచ్చి చిన్నకొడుకు చెన్నయ్య చేతిలో పెట్టింది.

"మీ అన్న నీళ్ళల్ల ఉన్నడు కొడుకా... మస్తు సలి. మంచిగ సుట్టు."

చెన్నయ్య చుట్టాడు. గొంగడిని కాదు, గోనెసంచిని! పుష్యమాసం చలి, రాత్రంతా గొర్రెల మంద దగ్గర కావలి, చేతిలోనేమో మందపాటి కొత్త గొంగడి. 'సచ్చినోనికి సలి ఏడిది?' అనుకున్నాడు పాపిష్ఠివాడు. సంచినే గని గట్టున పాతిపెట్టి వచ్చాడు. గొంగడిని తల్లి కంటపడకుండా మంద దగ్గర దాచుకున్నాడు.

నెల తిరగలేదు. ఒక రాత్రి తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గని దాకా వచ్చాడు. గొంగడి తలమీంచి కప్పుకుని గడ్డం కింద ముడి వేసుకున్నాడు.

గుర్ర్‌ర్... అని మోత. విమానం! తలెత్తి చూశాడు. చుక్కలు తప్ప ఏమీ లేవు.

మోత కిందినుంచి వస్తోంది... గని నీళ్ళలోంచి.

అంతలోనే ఇరవై గొంతుల అరుపు. కాలిన నూనె వాసన. పొడిగా ఉన్న గొంగడి ఒక్కసారిగా తడిసి బండంత బరువైంది. ఎవరో కొస పట్టి గుంజారు — చెన్నయ్య బోర్లా పడ్డాడు. నాపరాయి తగిలి ముందుపళ్ళు రాలాయి. ఈడ్చుకుపోతోంది! గోళ్ళు లేచిపోయేలా రాళ్ళను పట్టుకున్నాడు. గడ్డం కింద ముడి బిగుసుకుంది. కళ్ళు బయటికొస్తున్నాయి...

చెవి పక్కనే గుసగుస.

"సలి, తమ్మీ... సలి..."

చెన్నయ్య నడుముకున్న కత్తి లాగి గుడ్డిగా కోశాడు. ముడి తెగింది. ముడితో పాటు కుడి చెవీ తెగింది. గొంగడి జరజరా జారిపోయి నీళ్ళలో మునిగింది.

నెత్తురు కారుతూ ఇంటికొచ్చి తల్లి కాళ్ళమీద పడి అంతా చెప్పాడు. ఎంకమ్మ తిట్టలేదు, కొట్టలేదు. గాయానికి పసుపు అద్ది, తెల్లారగానే పార తీసుకుని వాడిని గట్టుకు తోలుకుపోయింది.

మట్టి తీశారు. తెల్లబట్ట లేదు. సంచీ లేదు.

గుంతలో ఆ గొంగడే కప్పి ఉంది. అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తాండూరులో సముద్రపు ఉప్పు! గొంగడి మధ్యలో ఎత్తుగా ఉంది... మనిషంత పొడవున.

చెన్నయ్య కొస పట్టుకోబోయాడు. తల్లి వాడి చెయ్యి పట్టి ఆపింది.

"లేపకు," అంది మెల్లగా. "ఇప్పుడే పండుకున్నడు."