అతికించిన మూత

మా అత్తగారు హిల్యాకి ఎనభై దాటినా నోటికి మాత్రం వయసు మీదపడలేదు. "తల నెరిసినా ఇంకా బొమ్మ ట్యాంకులతో ఆటేనా రైమో?" అని ఏళ్ల తరబడి నన్ను ఆటపట్టించిన మనిషి, ఆ చలికాలం తనే వచ్చి అడిగింది.

"మా ఉర్హో అన్నయ్య యుద్ధ ట్యాంకు బొమ్మ చేసిపెట్టవయ్యా. డిసెంబరులో మన స్వాతంత్ర్య దినాన కిటికీలో వెలిగించే కొవ్వొత్తుల పక్కన పెట్టుకుంటాను. మూత మాత్రం తెరిచి ఉంచు."

యుద్ధంలో ఆ ట్యాంకు, గడ్డకట్టిన సైమా సరస్సు మీద వెళ్తుండగా మంచు విరిగి మునిగింది. మూత తెరుచుకోక ఉర్హో లోపలే ఉండిపోయాడు. అప్పటినుంచీ ఆవిడ తలుపు మూసిన గదిలో నిద్రపోదు.

సరేనన్నాను. కానీ పాత అలవాటు ఊరుకుంటుందా? కొన్న విడిభాగాల పెట్టెలో సైనికుడి బొమ్మ రాలేదు. మూత తెరిస్తే లోపలి డొల్ల కనిపించి పరువు పోతుంది. మనిషి లేకపోతే మూత అతికించెయ్యడమే మా బొమ్మలు చేసేవాళ్ల పద్ధతి. అతికించేశాను. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ కొట్టాను.

ఆ రోజే స్వాతంత్ర్య దినం; మా ఉత్తరాది చలికాలం కదా, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పూత అంతటా చక్కగా పట్టింది, మూత చుట్టూ తప్ప. అక్కడ చెమ్మ. వేలి జిడ్డేమోనని తుడిచి మళ్లీ కొట్టాను. మళ్లీ చెమ్మ. చిరాకెత్తింది. హీటరు దగ్గర పెడితే మూత అంచున నీటిచుక్క ఊరి కిందికి జారింది. గదిలో రంగు వాసన పోయి, సరస్సు అడుగు బురద వాసన...

టిక్.

చేతిలోకి తీసుకున్నాను. మంచుగడ్డలా ఉంది. టిక్... టిక్... లోపలినుంచి.

"రైమో..." వెనకే అత్తగారు, చేతిలో కాఫీ కప్పుతో. "మూత మూశావా?"

"లోపల ఎవరూ లేరు కదా అత్తయ్యా..."

"లేరని నీకెవరు చెప్పారయ్యా?"

కత్తి మొనతో జిగురు కోశాను. మొన జారి వేలు తెగింది. చప్పుడు నెమ్మదించింది. ఆగిపోతుందేమో... నాకు ఏడుపొచ్చింది. "ఓర్చుకో నాయనా, ఒక్క క్షణం ఓర్చుకో," అన్నాను, ఎవరితోనో. మూత ఊడింది. నీళ్లు. అంత చిన్న బొమ్మలోంచి బల్లంతా తడిసేన్ని నీళ్లు.

అత్తగారు కుర్చీలో కూలబడి, "బయటపడ్డాడు," అంది. కళ్లు తుడుచుకుని తన గదికి వెళ్లింది. ఇన్నేళ్లలో మొదటిసారి తలుపు మూసుకుంది. నా గుండె తేలికపడింది.

బల్ల తుడవబోయి ఆగాను.

పరిచిన పేపరు మీద బూడిదరంగు అడుగుజాడలు. ఒక్కొక్కటీ బియ్యపు గింజంత. ట్యాంకు దగ్గర మొదలై బల్ల అంచుకి, అక్కణ్ణుంచి గోడ మీదుగా... నా అద్దాల బీరువా దాకా. అందులో నేను ముప్పై ఏళ్లుగా చేసిన ట్యాంకులున్నాయి. ఒక్కదానిలోనూ మనిషి లేడు. అన్నిటి మూతలూ నేనే అతికించాను.

అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి ఉంది.

టిక్... ఒక అరలో. టిక్... టిక్... ఇంకో అరలో. ఆ తర్వాత అన్నిట్లోనూ.

కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది. ముందు ఏది తెరవను?