కావలి కణం

"ఆపు బండి! ఆపుతవా... టైర్ కాల్చాల్నా?"

ఎస్సై రోజా గొంతు చించుకుంటోంది. ముందున్న బైకు ఆగడం లేదు!

పాన్‌గల్ రోడ్డు. నెత్తి మాడిపోయే మిట్టమధ్యాహ్నం ఎండ. బైకు మీద యాదయ్య... వాడి ఒళ్లో నల్ల సంచి. సంచి నిండా టీబీ గోళీలు.

అసలువి కావు. ఎర్రరంగు పూసిన సుద్ద!

అసలు మందు కాజేసి, దాని చోట సుద్ద పెట్టే దొంగ వాడు.

జీపు నడుపుతున్నది హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు. రోజాకి సొంత అన్న కంటే ఎక్కువ. ఆమె తమ్ముడు అరుణ్‌కి టీబీ అని తేలినప్పటి నుంచీ పొద్దున్నే ఇంటికొచ్చి, తన చేత్తో గోళీ మింగించి పోయేది ఈయనే.

అయినా అరుణ్‌కి తగ్గడం లేదు. నిన్న మళ్లీ రక్తం కక్కాడు!

"వాణ్ని దొరకవడ్తం చెల్లె. పరేషాన్ గాకు," అన్నాడు నర్సింహులు. మెడ మీద చెమట తుడుచుకుని, తెల్ల కర్చీఫ్ డ్యాష్‌బోర్డు మీదికి విసిరేశాడు.

రోజా చూపు దాని మీద పడింది.

మరక. నారింజ రంగు మరక!

ఎర్రమట్టి అయ్యుంటుంది. దేవుడా... ఎర్రమట్టే కావాలి! ఆమె తల తిప్పుకుంది.

కానీ చెవిలో డాక్టర్ సుహాసిని మాటలే మోగుతున్నాయి. నిన్న సాయంత్రం, నాగర్‌కర్నూల్ దవాఖానలో అన్న మాటలు.

"అసలు గోళీ పడితే మూత్రం నారింజ రంగు రావాలె రోజా. చెమట, కన్నీళ్లు కూడా! మీ తమ్మునికి నీళ్లలెక్క వస్తుంది. వాడు మింగుతున్నది మందు కాదు."

గోళీలు దవాఖాన మందుల స్టోర్‌లోనే మారాయని రోజా అనుకుంది. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

"ఒంట్ల కాపలా ఉంటది గద మేడం? మరి పురుగు ఎట్ల బతుకుతది?" అని మాత్రం అడిగింది.

"కావలి కణం ఉంటది. పురుగును పట్టి మింగుతది కూడ. మింగింది ఒక సంచిల పడ్తది. ఆ సంచిలకు యాసిడ్ వచ్చి కలిస్తే పురుగు ఖతం. గానీ టీబీ పురుగు మహా జాదూగాడు. యాసిడ్ రాకుండ దారి బంద్ చేస్తది! ఇగ కావలోని కడుపులనే కాపురం. వాని కొవ్వు తింటది, అక్కడనే పెరుగుతది. బయట ఎంత దేవులాడినా దొరకదు."

బయట దేవులాడినా దొరకదు...

ఎన్ని రెయిడ్లు చేసినా యాదయ్య దొరకలేదు. ఎప్పుడు పోయినా గోదాము ఖాళీ! రెయిడ్ సంగతి ముందే తెలిసేది ఇద్దరికే. రోజాకి... నర్సింహులు అన్నకి.

ధడేల్!

బైకు కల్వర్టుని గుద్దుకుంది. సంచి చిరిగి ఎర్ర గోళీలు రోడ్డంతా చిందాయి. యాదయ్య లేచి చేలోకి ఉరికాడు!

నర్సింహులు జీపు ఆపి కిందికి దూకాడు. రోజా ఒక్క క్షణం ఆగింది. నడుముకున్న రివాల్వర్ మీద చెయ్యి వేసింది. మనసు ఒప్పుకోలేదు. అయినా ఆ పని చేసింది.

తర్వాత పరుగు!

గట్టు దగ్గర యాదయ్య కాలర్ దొరికింది. వాణ్ని మట్టిలోకి నొక్కిపట్టింది.

"అన్నా! నేను బేడీలేస్త. ఇది వీని మీద పెట్టి ఉంచు!"

రివాల్వర్ నర్సింహులు చేతిలోకి మారింది.

యాదయ్య నవ్వాడు. పాడు నవ్వు!

"నన్ను పట్టుకుంటె ఏమొస్తది మేడం? మీ తమ్ముని మందు ఎవడు మింగుతుండో అడగరాదు?"

"నోర్ముయ్‌రా!" నర్సింహులు అరిచాడు.

"ఎందుకు మూస్త? నేనొక్కణ్నే జైలుకు పోవాల్నా? మేడం, మీ పక్కన..."

నర్సింహులు రివాల్వర్ యాదయ్య నుదుటికి గురిపెట్టాడు!

"అన్నా, వద్దు!"

టక్.

పేలలేదు. మళ్లీ నొక్కాడు.

టక్!

రోజా జేబులోంచి గుప్పిట తీసి తెరిచింది. అరచేతిలో, జీపు దగ్గరే తీసేసిన తూటాలు.

"నువ్వు కాల్చవనుకున్న అన్నా. నా అనుమానమే తప్పు కావాలని... ఎంత మొక్కుకున్ననో నీకు తెల్వదు."

నర్సింహులు రివాల్వర్ కింద పడేశాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"నాకు సుత అదే బీమారి చెల్లె. దవాఖానకు పోతె స్టేషన్ల అందరికీ తెలుస్తది. పక్కన కూసోనియ్యరని భయపడ్డ. అరుణ్ గోళీలు నేను మింగిన... వాని డబ్బాల సుద్దవి పెట్టిన. అవి వీడే ఇచ్చిండు. బదులుగ రెయిడ్ సంగతులు అడిగిండు."

"వాని నోట్ల సుద్ద పెట్టి... రోజూ వాని తల నిమిరి పోతివి గదా! ఎట్ల చేతులాడినయ్ నీకు?"



నర్సింహులు జేబులో ఫోన్ మోగింది. రోజా లాక్కుంది. తెర మీద పేరు... అరుణ్!

స్పీకర్ నొక్కింది. ముందు దగ్గు వినిపించింది. ఆ తర్వాత గొంతు.

"అన్నా... పొద్దుగాల రాలేదేంది? ఇంకా గోళీ ఏసుకోలె. అక్క ఇచ్చినా ఏసుకోను, నువ్విస్తెనే మంచిగైత. జర జల్ది రా అన్నా!"