ఓట్లు లేని నెలలో

సర్పంచ్ ఓట్లకు పూనా నుంచి కూలీలను తీసుకొచ్చిన బస్సు ఊరి మొదట్లో ఆగింది. దిగిన ఇమ్మానుయేల్‌కు ముందుగా ఒక పెన్ను కనబడింది.

"ఎందుకొచ్చిండ్రు?" అంది పెన్ను పట్టుకున్న అమ్మాయి.

"మా ఊరికి మేమొచ్చినా అడుగుతరా?"

"అడుగుడే నా పని."

పేరు నిరోష. గద్వాల పిల్ల. హైదరాబాదులో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ చేస్తోంది. వలస పోయినవాళ్లు ఒక్క ఓటు కోసం అంత దూరం నుంచి ఎందుకు తిరిగొస్తారన్నదే ఆమె థీసిస్. అందుకే ఖిల్లా ఘణపూర్ చుట్టూ ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది. అడుగుతూ అడుగుతూ అతని ఇంటిదాకా వచ్చింది.

ఊళ్లో మాత్రం పెన్నుతో వచ్చినవాళ్లంతా ఒకటే రకం. సర్కారు ఇండ్లకు పేర్లు రాసుకునేవాళ్లు. పెండ్లయినవాళ్లకే ఇల్లు వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. అందుకే ఇమ్మానుయేల్ నోరు తెరిచేలోగా తల్లి బాలమణి అందుకుంది.

"మా పిల్లగానికి పెండ్లయింది మేడమ్. కోడలు రేణుక పూనలనే ఉంది."

అతను తల్లి వంక చూశాడు. తల్లి అతని కాలు తొక్కింది.

అతను పూనాకు తిరిగి వెళ్లాక ఆదివారాలు ఫోన్లు మొదలయ్యాయి. పూనాలో సెంట్రింగ్ పని ఎట్లుంటుంది, అక్కడ ఏం తింటారు, ఊరు యాదికొస్తుందా అని నిరోష అడిగేది. పొయ్యి మీద కూర పెట్టి ఇమ్మానుయేల్ జవాబులు చెప్పేవాడు. ఆదివారం రావడం ఆలస్యమవుతోందని అతనికి అనిపించసాగింది.

"జర మీ భార్యకు ఫోనిస్తరా? ఆడవాళ్ల ఓటు మీద ఒక చాప్టర్ ఉంది."

"స్నానం చేస్తుంది."

"పోయిన వారం గూడ గదే చెప్పిండ్రు."

"ఆమెకు శుభ్రం ఎక్కువ మేడమ్."

నిజం చెబితే తల్లి ఆశపడ్డ ఇల్లు పోతుంది. చెప్పకుంటే నిరోష పోతుంది. ఏది ముందు పోగొట్టుకోవాలో తెలియక నెలలు గడిపాడు.

తొలకరి నాటికి ఆమే చెప్పింది. "థీసిస్ అయిపోయింది. శనివారం మీ ఊరికి ఆఖరిసారి వస్తున్న. ఇగ మిమ్మల్ని సతాయించ."

శనివారం వాన దంచికొడుతోంది. ఇమ్మానుయేల్ తడిసి ముద్దయి ఇంటికి చేరేసరికి, రేకుల కింద బాలమణి చెమటలు పట్టి కూర్చుంది.

"పోయినసారి కోడలి పేరు రేణుక అంటిరి. ఇప్పుడు సింధూజ అంటున్రు" అంటోంది నిరోష.

"ఇంట్ల రేణుక. ఆధార్‌ల సింధూజ."

నిరోష నవ్వు ఆపుకుంటూ తలెత్తింది. అతన్ని చూసి ఆగిపోయింది.

"ఓట్లు అయిపోయినయి కద. ఇప్పుడెందుకొచ్చిండ్రు?"

ఊరూరా అందరినీ అడిగిన ప్రశ్నే. ఈసారి పెన్ను మాత్రం కాగితం మీద పెట్టలేదు.

"ఈసారి ఎవరూ బస్సు పెట్టలే. నేనే వచ్చిన" అన్నాడు ఇమ్మానుయేల్. నీళ్లు కారుతున్న జుట్టు తుడుచుకున్నాడు. "నాకు పెండ్లి కాలే మేడమ్."

"ఆగం జేసినవ్ గదరా" అని బాలమణి నెత్తి కొట్టుకుంది.

"తెలుసు" అంది నిరోష.

"ఎట్ల?"

"కూర మాడిందని ఫోన్ల నిన్ను నువ్వే తిట్టుకుంటుంటివి. పెండ్లాం ఉన్నోడు గట్ల తిట్టుకోడు. మీ ఇంటిని నా థీసిస్ నుంచి ఎప్పుడో తీసేసిన."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిన సంగతి అతను గమనించాడు. ధైర్యం వచ్చింది.

"తీసేసినంక మరి ఫోన్లెందుకు చేస్తుంటిరి?"

నిరోష రేకుల అంచున జారుతున్న నీళ్ల వైపు చూసింది. అడిగే మనిషికి జవాబు చెప్పడం అలవాటు లేదు.

"వాన జోరుగుంది" అంది చివరికి.

బాలమణికి ఇంకా ఒక్క సంగతే తేలలేదు. "అయితే ఇల్లు రాదా మేడమ్?"

"నేను ఇండ్లు రాసేదాన్ని కాదని మొదటి రోజే చెప్పిన గదమ్మా."

బాలమణి కొడుకును చూసింది. పిల్లను చూసింది. ఇద్దరూ వాననే చూస్తున్నారు.

"ఇల్లు రాకుంటే రాకపాయె. కోడలన్న వస్తదా?"

నిరోష పెన్నుకు మూత పెట్టింది.

"గద్వాల్ల మా అమ్మ ఉంది. నాకన్న ఎక్కువ ప్రశ్నలడుగుతది" అంది ఇమ్మానుయేల్‌తో. "గప్పుడు జవాబులు నువ్వే చెప్పు. మీ అమ్మను మాత్రం నోరు తెరవనియ్యకు."